వీడియో గేమ్ బాగుందో లేదో గేమర్లు దేన్ని బట్టి తేలుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త గేమ్ కొనబోయే ముందు నలుగురిని అడిగితే నాలుగు రకాల జవాబులు వస్తాయి. ఒకరు గ్రాఫిక్స్ చూడమంటారు, ఒకరు కథ ఉంటేనే ఆడతామంటారు, ఇంకొకరు ల్యాగ్ లేకపోతే చాలని తేల్చేస్తారు, నాలుగో వ్యక్తి ముందు ధర ఎంతో చెప్పమంటారు. ఇరవై ఏళ్లకు పైగా ఆడుతూ, ఆడేవాళ్లతో వాదిస్తూ వచ్చినవాడిగా, నాకు పదేపదే ఎదురైన ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. అందరి అభిప్రాయాలకూ సమానంగా చోటిచ్చానని చెప్పుకోలేను. ఈ విషయంలో నాకు ఒక పక్షం ఉంది, అది మొదటి సమాధానంలోనే తెలిసిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఏది?

బటన్ నొక్కినప్పుడు మనం అనుకున్న పని, అనుకున్న క్షణంలో, తెర మీద జరగడం. గేమర్లు దీన్ని విడదీసి చెప్పరు. ‘కంట్రోల్స్ బాగున్నాయి’ అనో, ‘స్మూత్‌గా ఉంది’ అనో, అన్నిటినీ కలిపి ‘గేమ్‌ప్లే బాగుంది’ అనో అంటారు. సినిమాలో ఒక సన్నివేశం తేలిపోతే అది ఐదు నిమిషాల్లో దాటిపోతుంది, కానీ గేమ్‌లో ఎగరడమో గురిచూసి కాల్చడమో సరిగ్గా కుదరకపోతే ఆ లోపం గంటకు కొన్ని వందల సార్లు చేతికి తగులుతూనే ఉంటుంది. అందుకే కథ బాగాలేని గేమ్‌ను చివరిదాకా ఆడినవాళ్లు చాలామంది కనిపిస్తారు గానీ, చేతికి లొంగని గేమ్‌ను చివరిదాకా ఆడినవాళ్లు అరుదు.

నా చిన్నప్పుడు మా ఊరి నెట్ సెంటర్‌లో ఏడు కంప్యూటర్లు ఉండేవి. అన్నిటిలోనూ అదే రోడ్ ర్యాష్ అనే బైక్ రేసు గేమ్, అన్నిటికీ గంటకు అదే ఇరవై రూపాయలు. అయినా మూడో కంప్యూటర్ ఖాళీ అయ్యేదాకా మేం గోడకు ఆనుకొని నిలబడేవాళ్లం. దాని మానిటర్ మిగతావాటికన్నా చిన్నది, పైగా రంగులు కాస్త పచ్చగా కనిపించేవి. కానీ ఆ ఒక్క కీబోర్డులోనే యారో కీలు గట్టిపడకుండా, వేలు తాకగానే పలికేవి. గ్రాఫిక్స్ గురించి, కథ గురించి ఏమీ తెలియని వయసులోనే మేం దేనికోసం డబ్బు పెడుతున్నామో తేల్చుకున్నామన్నమాట.

‘చేతికి బాగుంది’ అనే మాట వెనుక లెక్క ఏమైనా ఉందా, లేక అది ఉత్త అలవాటేనా?

అలవాటు పాలు కొంత ఉంటుంది గానీ, దాని వెనుక చాలా పకడ్బందీ లెక్క కూడా ఉంటుంది. 1981లో వచ్చిన డాంకీ కాంగ్‌లో పాత్ర ఒకసారి గాలిలోకి లేచిందంటే మళ్లీ నేల మీద వాలేదాకా దాని దిశ మార్చడం కుదరదు. నాలుగేళ్ల తర్వాత, 1985లో, అదే నింటెండో సంస్థ నుంచి షిగెరు మియామోటో ఆధ్వర్యంలో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో బటన్‌ను నొక్కి పట్టుకున్న కొద్దీ ఎక్కువ ఎత్తుకు ఎగరవచ్చు, గాలిలో ఉండగానే ముందుకూ వెనక్కూ జరగవచ్చు. లోకంలో ఏ మనిషీ అలా ఎగరలేడు. భౌతికశాస్త్రం ప్రకారం చూస్తే డాంకీ కాంగ్‌లోని గెంతే నిజానికి దగ్గర. కానీ చేతికి నిజమనిపించేది మారియో గెంతే, ఎందుకంటే మనసు మార్చుకున్న మరుక్షణం తెర మీద కూడా ఆ మార్పు కనిపిస్తుంది.

ఇంకా దగ్గరగా చూడాలంటే 2018లో వచ్చిన సెలెస్ట్ మంచి ఉదాహరణ. అందులో కొండ అంచు నుంచి పాత్ర కాలు జారి గాలిలోకి వెళ్లిపోయిన తర్వాత కూడా సుమారు పదో వంతు సెకను పాటు ఎగిరే బటన్ పనిచేస్తుంది. కార్టూన్లలో లోయ అంచు దాటినా కాసేపు గాలిలోనే పరిగెత్తే కయోటీ అనే జంతువును తలచుకొని, గేమ్‌లు తయారుచేసేవాళ్లు దీన్ని ‘కయోటీ టైమ్’ అంటారు. ఆడేవారికి ఈ వెసులుబాటు ఉన్నట్లే తెలియదు. సరిగ్గా అంచు మీదే నొక్కానని నమ్ముతారు, నిజానికి వేలు రెప్పపాటు ఆలస్యమై ఉంటుంది. ఈ పదో వంతు సెకను తీసేస్తే గేమ్ నియమాల ప్రకారం నిక్కచ్చిగా ఉన్నట్లే, కానీ ఆడేవారు మాత్రం ‘నొక్కాను, అయినా ఎగరలేదు’ అని కంట్రోలర్‌ను సోఫా మీదికి విసిరేస్తారు. మంచి కంట్రోల్స్ అంటే వేలు చేసిన పనితో పాటు వేలు చేయబోయిన పనిని కూడా లెక్కలోకి తీసుకోవడమని నేను అనేది ఇందుకే.

ఫ్రేమ్ రేట్ గురించి గేమర్లు అంత పట్టుబడతారెందుకు? కంటికి అంత తేడా తెలుస్తుందా?

కంటికి తెలిసే తేడా కన్నా చేతికి తెలిసే తేడా ఎక్కువ. సెకనుకు 30 ఫ్రేములు వచ్చే గేమ్‌లో ఒక్కో బొమ్మ సుమారు 33 మిల్లీసెకన్ల పాటు తెర మీద నిలుస్తుంది. 60 ఫ్రేములు వచ్చే గేమ్‌లో అది 17 మిల్లీసెకన్లకు దగ్గరగా ఉంటుంది. మనం నొక్కిన బటన్‌కు ఫలితం తెర మీద కనిపించాలంటే కనీసం తర్వాతి బొమ్మ దాకా ఆగాలి కాబట్టి, ఫ్రేములు తగ్గిన కొద్దీ గేమ్ ‘బరువుగా’ అనిపిస్తుంది. నిలకడ ఇంకా ముఖ్యం. ఒక్కసారీ తగ్గకుండా వచ్చే 30 ఫ్రేములకు చెయ్యి అలవాటు పడుతుంది. 60 నుంచి 40కి, మళ్లీ 55కి ఊగిసలాడే దానికి ఎప్పటికీ అలవాటు పడదు.

ఫోన్‌లో ఆడేవారికి ఈ లెక్కలో ఎండ కూడా వచ్చి చేరుతుంది. ఫోన్ వేడెక్కినప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఫ్యాన్ కింద కూర్చొని ఆడే మా మేనల్లుడు మొదటి మ్యాచ్‌లో చూపించే చురుకుదనం మూడో మ్యాచ్‌కు ఉండదు. వాడి తప్పు లేదు, అప్పటికి వెనక కవరు తీసేసిన ఫోన్‌ను పట్టుకోవడానికే చెయ్యి కాలుతూ ఉంటుంది. ఏసీ గదిలో పది నిమిషాలు ఆడి రాసిన రివ్యూలో ఈ విషయం కనిపించే అవకాశం లేదు.

ఆన్‌లైన్ గేమ్ అయితే పింగ్ కూడా చూసుకోవాలి. మన ఫోన్ పంపిన సమాచారం సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయమే పింగ్. అది 40 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు ఎదురుపడి గెలిచిన పోరే, 150 ఉన్నప్పుడు గోడ చాటుకు చేరాక కూడా తూటా తగిలి ఓడిపోయేలా చేస్తుంది.

మరి గ్రాఫిక్స్ ముఖ్యం కాదా?

కొనిపించడానికి ముఖ్యం, కొనసాగించడానికి అంత ముఖ్యం కాదు. ట్రైలర్‌లో కంట్రోల్స్‌ను చూపించడం కుదరదు, బొమ్మను మాత్రమే చూపించగలరు కాబట్టి ప్రచారమంతా గ్రాఫిక్స్ చుట్టూనే తిరుగుతుంది. దాన్ని చూసి ఆటగాళ్లకు కావలసింది గ్రాఫిక్సేనని అనుకోవడం పొరపాటు. పై నుంచి పడే ముక్కలను తిప్పి పేర్చే టెట్రిస్‌ను 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ మొదట రాసిన కంప్యూటర్‌కు బొమ్మలు గీసే శక్తే లేదు. కీబోర్డు మీది అక్షర చిహ్నాలనే పేర్చి ముక్కలుగా చూపించాడు. ఆ ముక్కలను తిప్పడంలోని ఆనందం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మైన్‌క్రాఫ్ట్‌లో ప్రపంచమంతా చదరపు దిమ్మెలే. 2023 నాటికి అది 30 కోట్ల కాపీలు దాటింది.

ఇక్కడ రెండు విషయాలను కలగాపులగం చేయకూడదు. చర్మం మీద చెమట బిందువులను కూడా చూపించగల సాంకేతికత ఒకటి, చూడగానే ఇది ఫలానా గేమ్ అని గుర్తుపట్టగల చిత్రకళ మరొకటి. మొదటిది ఐదేళ్లకు పాతబడుతుంది. జెల్డా వరుసలో విండ్ వేకర్‌ను కార్టూన్ తరహా బొమ్మలతో తొలిసారి చూపించినప్పుడు వాస్తవికమైన రూపాన్ని ఆశించిన అభిమానులు ముఖం చిట్లించారు. 2002లో విడుదలైన ఆ గేమ్‌ను ఇప్పుడు తెరిస్తే, అదే కాలంలో వాస్తవికత కోసం తంటాలు పడిన చాలా గేమ్‌ల కన్నా చూడటానికి హాయిగా ఉంటుంది.

మన దగ్గర ఇంకో ఉదాహరణ ఉంది. ఈఏ స్పోర్ట్స్ 2006లో విడుదల చేసిన క్రికెట్ 07 తర్వాత ఆ సంస్థ ఆ వరుసలో మరో గేమ్ తేలేదు. అయినా అభిమానులు ఏళ్ల తరబడి కొత్త జట్ల పేర్లు, జెర్సీలు, మైదానాలు తయారుచేసి అందులోకి ఎక్కిస్తూ వచ్చారు. జనం ముఖాలు అట్టముక్కల్లా ఉంటాయి, ఫీల్డర్లు బొమ్మల్లా పరిగెత్తుతారు. కానీ బంతి పడే చోటు చూసి, ముందుకు అడుగు వేసి, సరైన సమయంలో కీ నొక్కితే కవర్స్ మీదుగా వెళ్లే ఆ డ్రైవ్ కోసం ఇప్పటికీ పాత ల్యాప్‌టాప్‌లను పారేయకుండా దాచుకున్నవాళ్లు నాకు తెలుసు. ఆ మాటకొస్తే నేనూ దాచుకున్నాను.

కథ ఎంతవరకు లెక్కలోకి వస్తుంది?

గేమ్ ఏం ఇస్తానని చెప్పిందన్న దాన్ని బట్టి. టెట్రిస్‌ను కథ లేదని ఎవరూ తప్పుపట్టలేదు. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియంలో మామూలు అర్థంలో పోరాటాలే లేవు. మాటలు, ఆలోచనలు, పాచికల లెక్క మాత్రమే ఉంటాయి. అయినా ఆ ఏడాది వచ్చిన ఉత్తమ గేమ్‌లలో ఒకటిగా నిలిచింది. అలాంటి గేమ్‌లో సంభాషణే కంట్రోల్, దాన్ని అలాగే తూచాలి.

నా ఫిర్యాదు ఒక్కటే. సన్నివేశాలలో కథానాయకుడు ఒక్క ప్రాణం తీయడానికి కన్నీరు పెట్టుకుంటాడు, సన్నివేశం ముగిసి కంట్రోల్ మన చేతికి రాగానే పదిహేను నిమిషాల్లో నలభై మందిని చంపిస్తారు. కథ ఒక దారిన, చెయ్యి ఒక దారిన పోయే ఇలాంటి గేమ్‌లలో ఆటగాళ్లు క్రమంగా సన్నివేశాలను దాటవేయడం మొదలుపెడతారు. దానికి వాళ్ల అసహనాన్ని నిందించి లాభం లేదు.

కష్టమైన గేమ్‌లను కొందరు నెత్తిన పెట్టుకుంటారు, కొందరు తిట్టిపోస్తారు. తేడా ఎక్కడ వస్తోంది?

ఓడిపోయిన క్షణంలో తప్పు ఎవరిదని అనిపించింది అన్న చోట వస్తోంది. ‘నేను తొందరపడ్డాను’ అనిపిస్తే మళ్లీ ఆడతారు, ‘గేమ్ మోసం చేసింది’ అనిపిస్తే తీసేస్తారు. 2022లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఎల్డెన్ రింగ్‌లో మార్గిట్ అనే మొదటి పెద్ద ప్రత్యర్థి కర్ర పైకెత్తి, వెంటనే కొట్టకుండా, అలా పట్టుకొని ఆగుతాడు. కొత్తవాళ్లు కర్ర లేవగానే పక్కకు దొర్లుతారు, దొర్లి లేచే సమయానికి సరిగ్గా దెబ్బ పడుతుంది. పది సార్లు ఓడిపోయాక, చూడాల్సింది కర్ర పైకి లేవడాన్ని కాదని, కిందికి దిగడాన్ని అని అర్థమవుతుంది. ఈ ఆలస్యపు దెబ్బలు న్యాయమా అన్యాయమా అని అభిమానుల్లోనే నేటికీ తగాదా ఉంది. నా మటుకు నేను న్యాయమే అంటాను, ఎందుకంటే కర్ర కదలిక ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, నేర్చుకున్నది వృథా పోదు. పైగా ఆ గేమ్‌లో అక్కడే నిలబడి తల బాదుకోవాల్సిన అవసరం లేదు. మరో దిక్కుకు వెళ్లి బలం పెంచుకొని తిరిగి రావచ్చు.

అదే గేమ్‌కు 2024 జూన్‌లో వచ్చిన విస్తరణ భాగానికి మాత్రం, కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో, మొదట్లో మిశ్రమ స్పందనే వచ్చింది. కష్టం మితిమీరిందని కొందరు, కంప్యూటర్‌లో ఫ్రేములు పడిపోతున్నాయని కొందరు ఫిర్యాదు చేశారు. ఈ రెండు ఫిర్యాదులూ పైకి కనిపించేంత వేరు కావు. రెప్పపాటులో తప్పుకోవాల్సిన చోట ఫ్రేములు తడబడితే, ఓటమి ఎవరి ఖాతాలో రాయాలో ఆడేవారికి తెలియకుండా పోతుంది.

కష్టం తగ్గించుకునే సౌకర్యం పెడితే గేమ్ పలచబడుతుందన్న వాదనను నేను ఒప్పుకోను. సెలెస్ట్‌లో గేమ్ వేగం తగ్గించుకోవడానికి, దెబ్బ తగలకుండా చేసుకోవడానికి వీలు కల్పించే ‘అసిస్ట్ మోడ్’ ఉంది. దాన్ని ముట్టుకోనివారి ఆటకు దానివల్ల వచ్చిన లోటేమీ లేదు.

శబ్దం, సంగీతం?

అడిగితే ఎవరూ వీటిని మొదటి స్థానంలో పెట్టరు, శబ్దం తీసేసి ఆడమంటే ఎవరూ పది నిమిషాలు ఓర్చుకోరు. పబ్జీకి భారతీయ రూపమైన బీజీఎంఐ వంటి గేమ్‌లో మెట్ల మీద అడుగుల చప్పుడు ఎడమ వైపు నుంచి వస్తోందో కుడి వైపు నుంచి వస్తోందో తెలియకపోతే సగం ఆట పోయినట్లే.

ఎన్ని గంటల ఆట ఉంటే పెట్టిన డబ్బుకు న్యాయం జరిగినట్లు?

గంటల లెక్క చదువుకునే రోజుల్లో నాకూ ముఖ్యంగానే ఉండేది. ఏడాదికి ఒక్క గేమ్ కొనగలిగినప్పుడు అది వంద గంటలు రావాలని కోరుకోవడంలో తప్పు లేదు. ఉద్యోగం, పిల్లలు వచ్చాక లెక్క తలకిందులవుతుంది. 2007లో వచ్చిన పోర్టల్‌ను మూడు నాలుగు గంటల్లో ముగించవచ్చు, అందులో తీసేయదగ్గ గది ఒక్కటి కూడా లేదు. మరోవైపు, మ్యాప్ నిండా వందల గుర్తులు చల్లి, ప్రతి గుర్తు దగ్గరా అదే పని మళ్లీ చేయించే గేమ్‌లు ఉన్నాయి. అవి ఇచ్చే ఎనభై గంటల్లో అరవై గంటలు మనమే వాటికి ఇస్తున్నట్లు ఉంటుంది. ధరను గంటలతో భాగించే అలవాటును మానుకోమని చెప్పను గానీ, భాగించేటప్పుడు విసుగ్గా గడిపిన గంటలను లెక్కలోంచి తీసేయండి.

ఉచితంగా దొరికే గేమ్‌లను ఎలా అంచనా వేయాలి?

డబ్బు ఎక్కడ అడుగుతోందో చూడాలి. దుస్తులు, తుపాకీ రంగులు వంటి స్కిన్ల కోసం అడిగితే అది ఎవరి సరదా వారిది. గెలుపు కోసం అడిగితే, అంటే డబ్బు పెట్టినవారి ఆయుధం పెట్టనివారి ఆయుధం కన్నా బలంగా ఉంటే, మొదటి సమాధానంలో చెప్పిన, చేతికీ తెరకూ మధ్య ఉండే ఒప్పందం అక్కడే తెగిపోతుంది. చేతి నైపుణ్యానికి దక్కాల్సిన ఫలితం పర్సుకు దక్కుతోంది.

డబ్బు పెట్టి కొన్న గేమ్‌లో కూడా ఇదే జరిగితే ఆటగాళ్లు ఎంత తీవ్రంగా స్పందిస్తారో 2017 నవంబరులో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 చూపించింది. డార్త్ వేడర్ పాత్రను అన్‌లాక్ చేయాలంటే దాదాపు నలభై గంటలు ఆడాలని ఆటగాళ్లు లెక్క కట్టారు. ఆగ్రహం ఎంతగా పెరిగిందంటే, పాత్రలకు చెల్లించాల్సిన క్రెడిట్లను ఆ గేమ్‌ను విడుదల చేసిన ఈఏ 75 శాతం తగ్గించింది, విడుదలకు ముందు గేమ్‌లోపల జరిగే కొనుగోళ్లను కూడా తాత్కాలికంగా ఆపేసింది. లోపల ఏముందో తెలియకుండా కొనే లూట్ బాక్సుల మీద చర్చ దాంతో ప్రభుత్వాల దాకా వెళ్లింది. 2018లో బెల్జియం నియంత్రణ సంస్థ కొన్ని ప్రముఖ గేమ్‌లలోని లూట్ బాక్సులు జూదం చట్టాన్ని ఉల్లంఘిస్తున్నాయని తేల్చింది.

డబ్బు పందెం పెట్టి ఆడే రమ్మీ వంటివాటిని ఈ లెక్కలో కలపకండి, అవి వేరే సంగతి. వాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం గుర్తిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చింది.

బగ్‌లతో, అంటే సాంకేతిక లోపాలతో, విడుదలైన గేమ్‌ను ఆటగాళ్లు క్షమిస్తారా?

బగ్‌ను క్షమిస్తారు, మాట తప్పడాన్ని క్షమించడానికి ఏళ్లు పడుతుంది. 2020 డిసెంబరు 10న విడుదలైన సైబర్‌పంక్ 2077 పాత కన్సోళ్ల మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే, సోనీ అదే నెలలో దాన్ని తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేసి, కొన్నవారికి డబ్బు వాపసు ఇచ్చింది. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో. జనాన్ని మండించింది కార్లు గాలిలోకి ఎగిరిపోవడం మాత్రమే అయితే దాన్ని వీడియో తీసుకొని నవ్వుకునేవారు. పాత కన్సోళ్ల మీద గేమ్ ఎలా నడుస్తుందో విడుదలకు ముందు చూపించకపోవడం అసలు గాయం. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్ తర్వాత ఆ గేమ్‌కు మళ్లీ మంచి పేరు వచ్చింది, నేనూ ఆ తర్వాతే కొన్నాను.

నో మ్యాన్స్ స్కై కథ ఇంకా విచిత్రం. 2016 ఆగస్టులో, గేమ్ విడుదలైన వెంటనే, ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరుకున్నారు. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు గానీ ఒకరికొకరు కనిపించలేదు. ఒకరినొకరు కలుసుకోవచ్చన్న ఆశ కల్పించిన గేమ్‌లో అది జరగడంతో తిట్లు వెల్లువెత్తాయి. తయారుచేసిన హలో గేమ్స్ అనే చిన్న బృందం చాలాకాలం మౌనంగా ఉండి, ఒకదాని తర్వాత ఒకటిగా ఉచిత అప్‌డేట్లు ఇస్తూ పోయింది. 2018 జూలైలో నిజమైన మల్టీప్లేయర్ వచ్చింది. ఈ రెండు ఉదంతాలను చూపించి ‘ముందు అమ్మేద్దాం, తర్వాత సరిచేద్దాం’ అనుకునే సంస్థలకు చెప్పాల్సింది ఒకటుంది: మధ్యలో ఆగిపోయి, ఎవరికీ గుర్తులేకుండా పోయిన గేమ్‌ల గురించి ఇలాంటి కథలు ఎవరూ రాయరు.

రివ్యూలలో ఇచ్చే మార్కులను నమ్మవచ్చా?

మార్కు కన్నా దాని కింద రాసిన వాక్యాలను నమ్మండి. ఒక్క మార్కు తేడా ఎంత అసంబద్ధంగా ఉండగలదో తెలియాలంటే 2010 నాటి ఫాలౌట్ న్యూ వెగాస్‌ను తలచుకోవాలి. రివ్యూల మార్కులకు సగటు కట్టే మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో 85 వస్తే తయారీదారులైన అబ్సిడియన్‌కు బోనస్ అందేది; వచ్చింది 84. అదే గేమ్‌ను ఆ వరుసలోనే ఉత్తమమైనదిగా చెప్పుకునే అభిమానులు నేడు కోకొల్లలు.

ఆటగాళ్లు స్వయంగా రాసే రివ్యూలు కొంత మేలు. స్టీమ్‌లో మార్కులు ఉండవు, బొటనవేలు పైకో కిందికో చూపించాలి, ఎన్ని గంటలు ఆడారో పక్కనే కనిపిస్తుంది. 400 గంటలు ఆడి ‘చెత్త గేమ్, కొనకండి’ అని రాసినవారిని చూసి నవ్వొస్తుంది గానీ, అది చాలా విలువైన రివ్యూ. ఏదో ఒక అప్‌డేట్ ఆ వ్యక్తికి నచ్చిన గేమ్‌ను మార్చేసి ఉంటుంది.

మూకుమ్మడిగా వచ్చే వ్యతిరేక రివ్యూలను రివ్యూ బాంబింగ్ అంటారు. దాన్ని ప్రతిసారీ అల్లరిగా కొట్టిపారేయడం సరికాదు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 కంప్యూటర్ ఆటగాళ్లు ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతాను తప్పనిసరిగా జోడించాలని సోనీ ప్రకటించినప్పుడు, ఆ సేవ లేని దేశాల్లో గేమ్ కొన్నవారి పరిస్థితి అయోమయంలో పడింది. లక్షల్లో వ్యతిరేక రివ్యూలు వచ్చాయి, రోజుల వ్యవధిలో సోనీ ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. గేమ్‌ప్లే నిన్న ఎంత బాగుందో ఆ రోజూ అంతే బాగుంది. ఆటగాళ్లు అంచనా వేసింది తమతో సంస్థ వ్యవహరించిన తీరును.

తెలుగు రాష్ట్రాల గేమర్లు ప్రత్యేకంగా చూసుకునేవి ఏమైనా ఉన్నాయా?

చాలామంది మొదటి గేమ్ ఆడేది ఫోన్‌లోనే కాబట్టి, తమ ఫోన్‌లో అది నడుస్తుందా అన్నదే మొదటి ప్రశ్న. ఆ తర్వాత స్టోరేజీ వస్తుంది. ఒక్క గేమ్ కోసం పెళ్లి వీడియోలు తీసేయాల్సి వస్తే ఇంట్లో ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు. మూడోది, రేపు ఆ గేమ్ ఉంటుందా అన్న అనుమానం. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను నిషేధించారు. దాని స్థానంలో 2021 జూలైలో బీజీఎంఐ వచ్చింది, 2022 జూలైలో అదీ యాప్ స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో తిరిగి వచ్చింది. స్కిన్ల మీద వేలు పోసినవారికి ఈ తేదీలు పరీక్షల తేదీల కన్నా బాగా గుర్తుంటాయి.

భాష విషయంలో మనవాళ్ల ఓర్పుకు హద్దు లేదు. తెలుగులో మెనూలు, సబ్‌టైటిల్స్ ఉన్న పెద్ద గేమ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. దానికి మార్కులు తగ్గించిన తెలుగు గేమర్‌ను నేను ఇంతవరకు చూడలేదు. తగ్గించాలని నా అభిప్రాయం. హైదరాబాద్‌లో ఈఏ వంటి పెద్ద సంస్థల కార్యాలయాలు ఉన్నాయి, అక్కడ మనవాళ్లు పనిచేస్తున్నారు. అడిగేవారు లేకపోతే ఇచ్చేవారు ఎందుకుంటారు?

సెట్టింగ్స్ మెనూను బట్టి గేమ్‌ను అంచనా వేయవచ్చా?

నిస్సందేహంగా. 2020లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2లో చూపు, వినికిడి, కదలికల ఇబ్బందులు ఉన్నవారి కోసం అరవైకి పైగా సెట్టింగులు ఉన్నాయి. అంత అవసరం మనకు లేదనుకునేవారు కూడా హాల్లో సోఫా మీద కూర్చొని, ఎనిమిది అడుగుల దూరంలోని టీవీలో చీమల్లాంటి సబ్‌టైటిల్స్ చదవబోయి కళ్లు చికిలించిన రోజున ఆ మెనూ కోసం వెతుకుతారు. అక్షరాల పరిమాణం, బటన్లు మార్చుకునే వీలు, కెమెరా వేగం, ఎక్కడైనా సేవ్ చేసుకునే సదుపాయం: ఈ నాలుగూ ఉన్న గేమ్‌ను తయారుచేసినవారు దాన్ని బయటివారి చేత కూడా ఆడించి చూశారని నమ్మవచ్చు.

కొన్న వెంటనే గేమ్ నాకు సరిపోతుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

స్టీమ్‌లో కొన్న గేమ్‌ను 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే తిరిగి ఇచ్చేయవచ్చు. ఈ నిబంధన 2015 నుంచి ఉంది. ఆ రెండు గంటలను జాగ్రత్తగా వాడుకోవాలి. పాత్ర ముఖం, జుట్టు తయారుచేసుకునే తెర మీద నలభై నిమిషాలు పోగొట్టుకున్న అనుభవం నాకుంది, మళ్లీ ఆ పని చేయను. మొదట ఫ్రేమ్ రేట్ చూపించే సెట్టింగ్ వేసుకొని, పరిచయ సన్నివేశాలను దాటవేసి, కంట్రోల్ చేతికి వచ్చిన చోటికి వెళతాను. ప్రత్యర్థి లేని ఖాళీ చోట ఐదు నిమిషాలు ఊరికే పరిగెత్తుతాను, ఎగురుతాను, ఆగుతాను, చటుక్కున వెనక్కు తిరుగుతాను. ఏ లక్ష్యమూ లేకుండా ఇలా తిరగడమే బాగుంటే మిగతాదంతా ఓపిగ్గా చూస్తాను. బాగోలేకపోతే, ఇరవయ్యో గంటకు కథ అద్భుతంగా ఉంటుందని ఎందరు చెప్పినా, ఇంకా గంటన్నర మిగిలి ఉండగానే రీఫండ్ బటన్ నొక్కేస్తాను.